ఉలి పట్టిన చేతికే కుంచె
(చైనా చిత్రకారుడు చి బైషి జీవిత కథ)

బొమ్మలు వేయడం అనగానే మనలో చాలామందిమి రెండు మాటలు చెప్పి తప్పించుకుంటాం. అది పుట్టుకతో రావాలి అన్నది ఒకటి. అది ఉన్నవాళ్ళ ముచ్చట, మనకు తిండి పెట్టే చదువు చాలు అన్నది రెండోది. ఈ రెండూ సరికాదని తన 93 ఏళ్ళ జీవితంతో చూపించిన ఒక మనిషి గురించి ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పుకుందాం. ఆయన పేరు చి బైషి. చైనా దేశస్థుడు. చిన్నప్పుడు పశువులు కాశాడు. ఆ తర్వాత వడ్రంగి పని చేశాడు. బడిలో చదివింది ఏడాది కూడా లేదు. అయినా గత శతాబ్దపు చైనా కుంచె చిత్రకళ అంటే మొదట గుర్తుకు వచ్చే పేర్లలో ఆయనది ఒకటి.

ఆయన గీసినవి మనకు తెలియని వింతలేమీ కావు. రొయ్యలు, పీతలు, కప్పలు, కోడిపిల్లలు, తూనీగలు, మిడతలు, సొరకాయలు, క్యాబేజీలు. మన కల్లూరు చెరువుగట్ల మీద, సాగర్ కాలువ పక్కన మనం రోజూ చూసేవే. అందుకే ఆయన కథ ఎంత దూరదేశపుదైనా మనకు దగ్గరగానే ఉంటుంది.

పుట్టుక – బాల్యం

చి బైషి 1864 జనవరి 1న దక్షిణ చైనాలోని హునాన్ రాష్ట్రం, షియాంగ్‌తాన్ జిల్లాలో ఒక చిన్న పల్లెలో జన్మించారు. అది వరి పండే కొండప్రాంతం. ఆ కుటుంబానికి ఉన్న పొలం ఒక మూ. మన లెక్కలో చెప్పాలంటే ఏడు కుంటలు కూడా లేదు. దాని మీద ఇల్లు గడవక తండ్రీ, తాతా కూలికి పోయేవారు. ఇంట్లో అక్షరాలు తెలిసింది తాత ఒక్కరికే. అది కూడా మూడు వందల అక్షరాలు మాత్రమే. చైనా లిపిలో వేల అక్షరాలు ఉంటాయి కాబట్టి అది చాలా తక్కువ చదువు. చలికాలం రాత్రుళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని, ఆ తాత పట్టకారుతో బూడిదలో అక్షరాలు రాసి మనవడికి నేర్పేవాడు. చి బైషి మొదటి పలక ఆ బూడిదే.

1870లో, ఆరేళ్ళ వయసులో, తల్లి తండ్రి నడిపే పల్లెబడిలో చేరాడు. ఫీజు లేదు కాబట్టే చేరగలిగాడు. అక్కడే బొమ్మల పిచ్చి పట్టింది. ఒక ఇంటి తలుపు మీద ఉరుముల దేవుడి పటం అంటించి ఉంటే చూసి వేయబోయాడు. ఎన్నిసార్లు వేసినా కుదరలేదు. చివరికి పీట ఎక్కి, ఆ పటం మీద పల్చటి కాగితం పెట్టి, కనిపించే గీతల మీదుగా దిద్దాడు. బొమ్మ కుదిరింది. తోటి పిల్లలు తమకూ కావాలని వెంటపడ్డారు. దాంతో రాత పుస్తకంలోని కాగితాలన్నీ బొమ్మలకే అయిపోయాయి. కాగితం దండగ చేస్తున్నావని తాత కోప్పడ్డాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడు పొట్లం కట్టి పారేసిన కాగితాలు ఏరుకుని వాటి మీద వేయడం మొదలుపెట్టాడు. చేపలు పట్టే ముసలాయన, పశువులు, కోళ్ళు, పురుగులు, ఇలా కంటికి కనిపించినవే ఆయన పాఠాలు.

ఆ చదువు ఏడాది కూడా సాగలేదు. ఆ ఏడు పంటలు దెబ్బతిన్నాయి. ఇంట్లో గింజలు లేవు. అడవి దుంపలు తవ్వుకుని, పిడకల మంట మీద ఉడకబెట్టుకుని తిన్నారు. పిల్లవాడికి ఆరోగ్యం కూడా అంతంత మాత్రమే. బడి మానేసి పశువులు కాయడానికీ, కట్టెలు ఏరడానికీ వెళ్ళాడు.

మెడలో గంట

కొండ మీదికి పోయిన మనవడు పొద్దుగూకినా రాకపోతే నాయనమ్మకు దిగులు. అందుకని ఒక చిన్న గంట కొని, ఎర్రదారంతో వాడి మెడలో కట్టింది. గంట చప్పుడు వినిపిస్తే పిల్లవాడు వస్తున్నాడని పొయ్యి మీద ఎసరు పెట్టేది. ముసలితనంలో చి బైషి ఆ గంటను తలచుకుంటూ, గంట కట్టుకున్నవాడు అనే అర్థం వచ్చేటట్టు తన పేరున ఒక ముద్ర చెక్కుకున్నారు. గొప్పవాడయ్యాక కూడా తాను పశువులు కాసిన సంగతి దాచుకోలేదు. దాన్నే తన ముద్రగా వేసుకున్నారు.

పశువులు కాసేటప్పుడు పుస్తకాన్ని ఎద్దు కొమ్ముకు తగిలించుకుని వెళ్ళేవాడు. కట్టెలు కొట్టాక చదువుకునేవాడు. ఒక్కోసారి చదువులో పడి కట్టెలు మరిచేవాడు. అక్షరాలు వండుకుని తినలేం కదా అని నాయనమ్మ బాధపడేది. పేదింట్లో చదువుకునే ప్రతి పిల్లవాడికీ ఈ మాట ఏదో ఒక రూపంలో వినిపించే ఉంటుంది. ఆ నాయనమ్మకు చదువు మీద కోపం లేదు. ఆమె భయమంతా ఆకలి గురించే. 1874లో తాత చనిపోయారు. అదే ఏడు, ఆనాటి ఆచారం ప్రకారం, పదేళ్ళకే ఆయనకు పెళ్ళి చేశారు. ఆ దురాచారం మన దగ్గర కూడా ఉండేది. ఇప్పుడు అది నేరం.

మోయలేని దూలం

పొలం పనికి ఒళ్ళు సరిపోదని గ్రహించి 1877లో వడ్రంగి పనికి పెట్టారు. మొదటి మేస్త్రి ఇళ్ళకు దూలాలు, వాసాలు ఎక్కించే పని చేసేవాడు. పదమూడేళ్ళ పిల్లవాడు ఒక పెద్ద దూలాన్ని ఎత్తలేకపోయాడు. పనికిరాడని మేస్త్రి ఇంటికి పంపించాడు. తర్వాత ఇంకో మేస్త్రి దొరికాడు. ఆయన ఓపికగా నేర్పాడు.

ఒకరోజు ఆ మేస్త్రితో కలిసి పని నుంచి తిరిగి వస్తుంటే ఎదురుగా కొందరు వడ్రంగులు వచ్చారు. మేస్త్రి దారి పక్కకు తప్పుకుని, వంగి నిలబడి, వాళ్ళు పోయాక గాని కదలలేదు. వాళ్ళూ వడ్రంగులే కదా, మనం ఎందుకు తప్పుకోవాలి అన్నది పిల్లవాడి సందేహం. వాళ్ళు నగిషీ పనివాళ్ళు, మనం మోటు పనివాళ్ళం, వాళ్ళతో మనం సమానం ఎలా అవుతాం అని మేస్త్రి వివరించాడు. ఒకే పని చేసేవాళ్ళలో కూడా ఎక్కువ తక్కువలు ఉన్నాయని ఆ పిల్లవాడికి ఆ రోజు తెలిసింది. ఆ మాట గుచ్చుకుంది. కానీ ఆయన దాన్ని పగగా మార్చుకోలేదు, ఆ పనే నేర్చుకోవాలనుకున్నాడు.

1878లో జౌ జిమేయ్ అనే నగిషీ మేస్త్రి దగ్గర చేరాడు. మూడేళ్ళు ఉలి పట్టి పూలు, తీగలు, మనుషుల బొమ్మలు చెక్కడం నేర్చాడు. 1881లో పని పూర్తిగా వచ్చింది. పెళ్ళి మంచాలు, బీరువాలు చెక్కడానికి ఊరూరా పిలిచేవారు. అందరూ చెక్కే పాత నమూనాలే చెక్కితే ఆయనకు తృప్తి కలగలేదు. ద్రాక్ష గుత్తులు, దానిమ్మలు, తాను చూసిన పూలు వాటిలో చేర్చాడు. జనానికి నచ్చింది. చుట్టుపక్కల ఆయన పేరు వడ్రంగిగానే మారుమోగింది.

అరువు తెచ్చిన పుస్తకం

1882లో ఒక ఇంట్లో పని చేస్తుండగా ఆయన కంట ఒక పుస్తకం పడింది. దాని పేరును తెలుగులో ఆవగింజ తోట చిత్రలేఖన గ్రంథం అనవచ్చు. లి యు అనే రచయిత ఇంటికి ఆవగింజ తోట అని పేరు. వాంగ్ గై అనే చిత్రకారుడు కూర్చిన ఈ గ్రంథం మొదటి భాగం 1679లో అచ్చయింది. చైనాలో బొమ్మలు నేర్చుకునేవారికి అది పెద్దబాలశిక్ష లాంటిది. చెట్టు గీయాలంటే ముందు మోడు, ఆ తర్వాత నాలుగు వైపులా కొమ్మలు, ఆ తర్వాత ఆకులు. రాయి గీయాలంటే మూడు ముఖాలు కనిపించాలి. ఇలా ఒక్కో వస్తువునూ విడదీసి, మెట్టు మెట్టుగా నేర్పుతుంది.

ఆ ఇంట్లో ఉన్న ప్రతిలో ఒక భాగం లేదు. అయినా ఆ పద్దెనిమిదేళ్ళ వడ్రంగికి అది నిధిలాగా కనిపించింది. కొనే స్తోమత లేదు. అందుకే అరువు అడిగి తెచ్చుకున్నాడు. పగలంతా చెక్క పని. రాత్రి దేవదారు నూనె దీపం ముందు పుస్తకం మీద పల్చటి కాగితం పెట్టి దిద్దడం. అలా ఆరు నెలలు. మొత్తం 16 సంపుటాలుగా కుట్టుకుని అసలు పుస్తకాన్ని తిరిగి ఇచ్చేశాడు. చిన్నప్పుడు పీట ఎక్కి ఉరుముల దేవుడిని దిద్దిన పద్ధతే ఇది.

ఆ పుస్తకం దిద్దాక తన పాత బొమ్మలు చూసుకుంటే తల పెద్దది, కాళ్ళు పొడుగు, కొలతలు తప్పు అని తనకే తెలిసిపోయింది. తన తప్పు తాను గుర్తుపట్టగల కన్ను రావడమే నేర్చుకోవడంలో మొదటి మెట్టు.

కుంచె, సిరా, కాగితం

ఇక్కడ కొంచెం ఆగి చైనా చిత్రకళ పద్ధతి చెప్పుకోవాలి. దానికి కావలసినవి నాలుగే: కుంచె, సిరా కడ్డీ, సానరాయి, కాగితం. సిరా కడ్డీని మసితోనూ జిగురుతోనూ చేస్తారు. మనం గంధం చెక్కను సాన మీద నీళ్ళు చల్లి అరగదీసినట్టే, ఆ కడ్డీని రాయి మీద అరగదీస్తే సిరా వస్తుంది. నీళ్ళు తక్కువైతే కారునలుపు, ఎక్కువైతే లేత బూడిద రంగు. ఒక్క నలుపులోనే ఎన్నో ఛాయలు. కాగితాన్ని చెట్టు బెరడుతోనూ వరిగడ్డితోనూ చేస్తారు. అది సిరాను చుక్క పడగానే పీల్చేసుకుంటుంది. కాబట్టి రబ్బరుతో చెరపడం లేదు, మళ్ళీ దిద్దడం లేదు. గీత పడిందంటే పడినట్టే.

కుంచెను పెన్సిల్ లాగా వాల్చి పట్టరు. నిటారుగా పట్టుకుని, వేళ్ళకు బదులు చెయ్యంతా కదుపుతారు. మొదట నేర్పేవి సాధారణంగా వెదురు, సీతాకోకచిలుకలా విచ్చుకునే ఆర్కిడ్ పువ్వు, ప్లమ్ పువ్వు, చేమంతి. వెదురు బొంగు గీసేటప్పుడు కుంచె ఒత్తి, లాగి, కణుపు దగ్గర ఆపి, కొంచెం ఎడం వదిలి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆకు అయితే ఒత్తి వదలాలి, చివర సన్నగా తేలిపోవాలి. ఆకుకు ఒకే ఒక్క గీత. చూడటానికి తేలిక. చేస్తే తెలుస్తుంది.

వడ్రంగి చెయ్యి చి బైషికి అడ్డం కాలేదు అనడానికి కారణం ఇక్కడే ఉంది. ఉలి దెబ్బ పడ్డాక చెక్క తిరిగి అతుక్కోదు. కాబట్టి ఉలి పెట్టేముందే చూపు, మనసు, చెయ్యి సిద్ధంగా ఉండాలి. కుంచెకు కావలసిన నిబ్బరం కూడా అదే. చిత్రకారులు ఏళ్ళ తరబడి సాధన చేసి తెచ్చుకునే చెయ్యి ఆయనకు కూలి పనిలోనే వచ్చింది.

గురువు దొరికిన రోజు

కొన్నాళ్ళు పగలు చెక్కడం, రాత్రి దేవుళ్ళ పటాలు వేయడం సాగింది. 1889లో హు చిన్‌యువాన్ అనే పండితుడు ఆయన బొమ్మలు చూసి ఇంటికి పిలిపించాడు. అప్పటికి చి బైషికి 25 ఏళ్ళు. తల్లిదండ్రులు, తమ్ముళ్ళు, భార్య, ఇంతమంది ఆధారపడి ఉన్నారు. చదువుకుంటూ కూర్చుంటే ఇల్లు ఎలా గడుస్తుంది అన్నదే ఆయన భయం. చదువుకుంటూనే బొమ్మలు అమ్మి ఇల్లు గడుపుకోవచ్చని గురువు ధైర్యం చెప్పాడు. ఫీజు అడగలేదు. తన ఇంట్లోనే చోటిచ్చి, తన దగ్గరున్న పాత చిత్రాలు చూపించి బొమ్మలు నేర్పాడు. కవిత్వం నేర్పడానికి చెన్ షావోఫాన్ అనే మరో గురువును చూపించాడు. బైషి అనే పేరు కూడా ఇక్కడే వచ్చింది. అది వాళ్ళ ఊరి దగ్గరి ఒక మజిలీ పేరు.

ఆ తర్వాత ఆయన ఉలి పక్కన పెట్టి, మనుషుల రూపచిత్రాలు వేసి ఇల్లు గడిపారు. ఫోటోలు పల్లెలకు రాని రోజులు అవి. ఆడవాళ్ళ బొమ్మలు అందంగా వేస్తాడని జనం ముద్దుపేరు కూడా పెట్టారు.

తర్వాత రాతి ముద్రలు చెక్కడం మీద మనసు పోయింది. చైనా చిత్రంలో ఎర్రటి ముద్ర కూడా ఒక భాగమే. ఒక బుట్టెడు రాళ్ళు తెచ్చుకుని, చెక్కి, అరగదీసి, మళ్ళీ చెక్కమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆయన అక్షరాలా అలాగే చేశారు. చెక్కిన రాయిని వెంటనే అరగదీసేవారు. గది అంతా రాతి బురద. కూర్చోవడానికి పొడి చోటు వెతుక్కుంటూ ఈ మూల నుంచి ఆ మూలకు జరిగేవారు. చివరికి చైనా ముద్రలు చెక్కేవారిలో కూడా ఆయన పేరు ముందు వరుసలో నిలిచింది.

1899లో వాంగ్ కైయున్ అనే మహాపండితుడికి శిష్యుడయ్యారు. ఆ గురువు దగ్గర అప్పటికే ఒక కంచరి, ఒక కమ్మరి చదువుతున్నారు. వడ్రంగి కూడా చేరాడు. పెద్ద పెద్ద అధికారుల కొడుకుల మధ్య ఈ ముగ్గురు చేతిపనివాళ్ళు కవిత్వం చదువుకున్నారు. పల్లెలో చి బైషిని వెక్కిరించినవాళ్ళు లేకపోలేదు. కొందరు ఆయన బొమ్మలు కావాలనేవారు గాని, వాటి మీద వడ్రంగి సంతకం ఉంటే నామోషీ అనుకునేవారు. ఆయన మాత్రం తన ముద్రల్లో వడ్రంగి అన్న మాట కూడా చెక్కుకున్నారు.

ఊరు దాటిన చూపు

1902 వరకు ఆయన చూసినది తన జిల్లానే. ఆ ఏడు మొదలుకొని 1909 వరకు ఐదుసార్లు బయలుదేరి, షియాన్, బీజింగ్, గుయిలిన్, కాంటన్ ఇలా దేశంలో సగం తిరిగారు. పుస్తకంలో దిద్దిన కొండలు నిజంగా ఎలా ఉంటాయో కళ్ళారా చూశారు. చూసిన చోటల్లా చిత్తుబొమ్మలు వేసుకున్నారు. దిద్దడంతో మొదలైన చదువు చూడటంతో రెండో మెట్టు ఎక్కింది.

55 ఏళ్ళకు మళ్ళీ మొదలు

హునాన్‌లో సైన్యాల పోరు, దొంగల బెడద పెరగడంతో 1919లో ఆయన బీజింగ్‌లో స్థిరపడ్డారు. తల్లిదండ్రులను, భార్యను ఊళ్ళో వదిలి రావలసి వచ్చింది. 1926లో తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోతే, దారులు మూసుకుపోయి, కడసారి చూపుకు కూడా వెళ్ళలేకపోయారు. ఆ బాధ ఆయనను జీవితాంతం వదలలేదు.

బీజింగ్‌లో ఆయనను ఎవరూ పట్టించుకోలేదు. ఒక విసనకర్ర మీద బొమ్మ వేస్తే రెండు వెండి డాలర్లు. మిగతా చిత్రకారుల ధరలో అది సగం. అయినా కొనేవారు తక్కువ. అప్పుడు చెన్ షిజెంగ్ అనే చిత్రకారుడు స్నేహితుడయ్యాడు. తనకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. పాతవారి దారిని వదిలి నీ సొంత దారి వెతుక్కోవాలన్నది అతని సలహా. 55 ఏళ్ళు దాటిన మనిషి, అంతవరకు నేర్చినదాన్ని పక్కన పెట్టి, చిన్నవాడి మాట విని మళ్ళీ మొదలుపెట్టారు. దాదాపు పదేళ్ళు ఆ మార్పు కోసం కష్టపడ్డారు. నల్లని సిరా ఆకుల మధ్య నిప్పుల్లాంటి ఎర్రటి పూలు, పల్లెలో చూసిన పురుగులు, కూరగాయలు, నాగలి, బుట్ట ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. పండితులు గీయడానికి తగవనుకున్న వస్తువులు అవి.

1922లో చెన్ షిజెంగ్ ఆ బొమ్మలను టోక్యోలో జరిగిన ప్రదర్శనకు తీసుకువెళ్ళాడు. తీసుకువెళ్ళినవన్నీ అమ్ముడుపోయాయి. రెండు డాలర్లు పలకని మనిషి పూల చిత్రం ఒక్కొక్కటి 100 వెండి డాలర్లు పలికింది. మరుసటి ఏడే ఆ స్నేహితుడు చనిపోయాడు. ఆ మేలును చి బైషి ఎన్నటికీ మరచిపోలేదు.

1927లో బీజింగ్ కళాశాల పెద్ద లిన్ ఫెంగ్‌మియాన్ ఆయనను పాఠాలు చెప్పడానికి పిలిచారు. ఏడాది కూడా బడికి పోని పల్లెటూరి వడ్రంగి కాలేజీలో పాఠం చెప్పడం ఏమిటని ఆయనే వెనుకాడారు. చివరికి వెళ్ళారు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. తర్వాత షు బేహోంగ్ అనే చిత్రకారుడు కూడా స్వయంగా ఇంటికి వెళ్ళి ఆయనను పాఠాలకు ఒప్పించారు.

ఒక్క రొయ్య కోసం

చి బైషి పేరు చెబితే రొయ్యలే గుర్తుకొస్తాయి. చిన్నప్పటి నుంచి చెరువుల్లో చూసినవే అయినా ఆయనకు అది చాలలేదు. గిన్నెలో నీళ్ళు పోసి, రొయ్యలు వదిలి, బల్ల మీద పెట్టుకునేవారు. కదిలించి అవి ఎలా ఈదుతాయో, ఎలా ముడుచుకుంటాయో చూసేవారు. మొదట కాళ్ళన్నీ లెక్కపెట్టి గీశారు. తర్వాత ఎనిమిది, ఆ తర్వాత ఆరు, ఐదు, ఇలా తగ్గించుకుంటూ పోయారు. కాళ్ళు తగ్గుతున్నకొద్దీ రొయ్యకు ప్రాణం వచ్చింది! ఒంటికి పల్చటి సిరా వేస్తే అద్దంలాగా అవతలికి కనిపించే శరీరం. తలలో తడి ఆరకముందే ఒక చిక్కటి నల్లటి గీత. నీళ్ళు ఒక్క చుక్క కూడా గీయలేదు. అయినా చూసేవారికి నీళ్ళలో ఉన్నట్టే ఉంటుంది. ఈ రొయ్య పూర్తిగా కుదిరేసరికి ఆయనకు 70 దాటింది.

ఉన్నది ఉన్నట్టు అచ్చు దించితే అది లోకాన్ని మెప్పించడం మాత్రమే, అసలు పోలికే లేకపోతే మోసం అన్నది ఆయన అభిప్రాయం. ఆ రెంటికీ నడుమ దారిలో నడిచారు.

87 ఏళ్ళ వయసులో, 1951లో, రచయిత లావో షె ఆయనకు ఒక చిక్కు పెట్టారు. కొండ ఊట వెంట దూరం దాకా వినిపించే కప్పల అరుపును బొమ్మగా వేయాలి. శబ్దాన్ని గీయడం ఎలా? చి బైషి కొండల నడుమ దూకే సెలయేటిని గీసి, అందులో కొట్టుకొస్తున్న కొన్ని తోకకప్ప పిల్లలను వేశారు. కప్ప ఒక్కటి కూడా లేదు. పిల్లలు ఇక్కడున్నాయంటే తల్లి పైన ఎక్కడో అరుస్తూ ఉంటుంది కదా! వాగుల పక్కన పెరిగినవాడికే ఆ ఊహ వస్తుంది.

యుద్ధకాలం – చివరి రోజులు

1937 నుంచి 1945 వరకు బీజింగ్ జపాన్ సైన్యం చేతిలో ఉంది. అధికారులకు బొమ్మలు అమ్మనని చి బైషి తన తలుపుకు కాగితం అంటించారు. కళాశాల ఉద్యోగం వదిలేశారు. 1944లో ఆ కళాశాల వారు బొగ్గు ఇస్తామంటే, ఆ కొరత రోజుల్లో కూడా వద్దన్నారు. యుద్ధం అయ్యాక 1946లో నాన్‌జింగ్, షాంఘైలలో ప్రదర్శనలు పెట్టి రెండు వందలకు పైగా బొమ్మలు అమ్మారు. కట్టలకు కట్టలు నోట్లు వచ్చాయి. ధరలు ఎంత పెరిగాయంటే, బీజింగ్ తిరిగి వచ్చాక ఆ నోట్లకు పది మూటల పిండి కూడా రాలేదు.

1953లో చైనా ప్రభుత్వం ఆయనకు ప్రజా చిత్రకారుడు అన్న బిరుదు ఇచ్చింది. 1955 సంవత్సరానికి ప్రపంచ శాంతి మండలి శాంతి బహుమతి లభించింది. 1957 సెప్టెంబరు 16న బీజింగ్‌లో కన్నుమూశారు. 1925లో ఆయన వేసిన పన్నెండు కొండల చిత్రాలు 2017లో జరిగిన వేలంలో 93 కోట్ల 15 లక్షల యువాన్లు పలికాయి.

మన దేశం – మన ప్రాంతం

చైనా కుంచెకూ మన నేలకూ చుట్టరికం ఉంది. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ చైనా వెళ్ళినప్పుడు చిత్రకారుడు నందలాల్ బోస్ వెంట వెళ్ళారు. చి బైషిని పాఠాలకు ఒప్పించిన షు బేహోంగ్ 1940 ప్రాంతంలో శాంతినికేతన్‌లో కొంతకాలం ఉన్నారు. ఆ నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నవారిలో మన తెలుగు చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు ఒకరు. ఆయన ఊరు మన పక్కనే ఉన్న మానుకోట ప్రాంతపు పెనుగొండ. కాబట్టి ఈ విద్య మనకు అందనంత దూరంలో ఏమీ లేదు.

మనం మొదలుపెట్టాలంటే

రంగుల పెట్టె కొననవసరం లేదు. ఒక గుండ్రటి కుంచె, నల్లసిరా, పాత న్యూస్ పేపర్లు చాలు. అవి కూడా లేకపోతే కుంచెను నీళ్ళలో ముంచి వరండా గచ్చు మీద గీయవచ్చు. చైనాలో పార్కుల్లో ముసలివాళ్ళు నీళ్ళతో నేల మీద అక్షరాలు రాస్తారు. ఆరిపోతే మళ్ళీ రాస్తారు. కాగితం ఖర్చు లేదు. మొదటి వారం వెదురాకు ఒక్కటే వేయండి. ఒత్తడం, వదలడం. రోజుకు వంద. తర్వాత బొంగు, కణుపు. ఆ తర్వాత మంచి బొమ్మ ఒకటి తీసుకుని చూసి దిద్దండి. దిద్దడం తప్పు కాదు, అక్కడే ఆగిపోవడం తప్పు. చేయి తిరిగాక చెరువు దగ్గరికి వెళ్ళి నిజం రొయ్యను చూడండి.

ఆసక్తి ఉన్నవారికి ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఉన్నాయి. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చదవవచ్చు. బొమ్మలు వేసే పిల్లవాడు చెడిపోతాడని అనుకునే పెద్దలకు ఈ సంగతి చెప్పండి.

మిత్రులారా! మన ఇళ్ళల్లో నాన్నలు, తాతలు చెప్పులు కుట్టినవారు, డప్పు బిగించినవారు, మట్టి మోసినవారు, వరి నాటినవారు, కట్టె చెక్కినవారు. ఆ పని పేరు చెప్పుకోవడానికి మనలో కొందరు సిగ్గుపడతారు. ఆ చేతుల్లో ఎంత విద్య ఉందో చి బైషి జీవితం చెబుతుంది. దూలం ఎత్తలేడని పంపించేసిన పిల్లవాడు ఉలి పట్టాడు, ఆ ఉలి పట్టిన చేతితోనే కుంచె పట్టాడు. ఎంత ఎత్తుకు ఎదిగినా, నేను వడ్రంగిని, నేను గంట కట్టుకుని పశువులు కాసినవాణ్ణి అని రాతి మీద చెక్కి చెప్పుకున్నాడు. మనం ఏ చదువు చదివినా, ఏ ఉద్యోగం చేసినా, మన ఇంటి పనిని అలా ధైర్యంగా చెప్పుకోగలిగిన రోజున ఈ హాస్టల్ అన్నం తిన్నందుకు సార్థకత.